ఊరికి టవర్ వచ్చింది గానీ ఫోన్ కలవడం లేదు: కలెక్టర్‌గారికి ఇచ్చే అర్జీలో ఏం అడగాలి?

కొండకింద పంతులు (సీతారామపురం వైపు) – శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల కింద ఉన్న ఊరు. బళ్లో పాఠాలు చెబుతుంటాను. చాన్నాళ్లు మా ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే చెరువుకట్ట ఎక్కేవాళ్లం. ప్రభుత్వ నిధితో టవర్ పెడతారని సర్వే చేసి పోయారు. కొన్నాళ్లకు నిజంగానే పెట్టారు. ఇనుము దిగిన రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. కొన్ని నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు కరెంటు పోతే కాసేపటికే టవరూ పోతోంది. కరెంటు వచ్చినా ఒక్కోసారి రెండు మూడు రోజులు లేవదు.

ఎవర్ని అడిగినా పక్కవాళ్ల మీదికే తోస్తున్నారు. టవర్ చూసుకునే కాంట్రాక్టరు కరెంటు బాగా లేదంటాడు. కరెంటోళ్లు మా లైను బాగానే ఉంది, వాళ్ల బ్యాటరీలు చూసుకోమనండి అంటారు. ఫోన్ కంపెనీకి చేస్తే "మీ ప్రాంతంలో నెట్‌వర్క్ ఉంది సార్, ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేయండి" అంటారు.

ఈమధ్య రాత్రిపూట ఒకమ్మాయికి నొప్పులు మొదలైతే 108కి ఫోన్ కలవలేదు. వాళ్ల మరిది బండేసుకుని ఉదయగిరి రోడ్డులో సిగ్నల్ అందే మలుపు దాకా పోయి అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. కానీ ఆ రాత్రి ఆ ఇంటి ముందు నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇక ఊరుకోకూడదనిపించింది.

గ్రామసభలో కూర్చుని కలెక్టర్‌గారికి అర్జీ ఇద్దామనుకున్నాం. "మాకు సిగ్నల్ ఇప్పించండి" అని రాస్తే పాత అర్జీల పక్కన ఇదీ ఒకటవుతుంది. సర్కారు డబ్బు, కంపెనీ పని అన్న ఈ ఏర్పాటులో ఎవరి బాధ్యత ఎంతవరకో, మేం గట్టిగా ఏం అడగొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.


పాత లైన్‌మన్ (గిద్దలూరు) – శనివారం రాత్రి 9:52

పంతులుగారూ, నేను టెలిఫోన్లలో పనిచేసి రిటైరైనవాణ్ని. మీ ఊరి కథ నాకు కొత్తది కాదు, ముప్పై ఏళ్ల కిందట చూసిందే.

1994 జాతీయ టెలికాం విధానంలో 1997 కల్లా ప్రతి ఊళ్లో ఒక పబ్లిక్ ఫోన్ ఉండాలని రాసుకున్నారు. కొండ పక్క ఊళ్లకు స్తంభాలేసి తీగ లాగడం కుదరదు. అందుకని మార్ అనే రేడియో పద్ధతి తెచ్చారు. సర్పంచి ఇంటి మీదో పోస్టాఫీసు మీదో ఇనప గొట్టం, దాని కొసన యాంటెన్నా, పక్కన సోలార్ పలక, లోపల ఒక పెట్టె, బ్యాటరీ. ఊళ్లోవాళ్లు ఫోనొచ్చిందని కొబ్బరికాయ కొట్టేవాళ్లు. పదిహేను ఊళ్లకు కలిపి రెండే చానళ్లు. ఏ రెండు ఊళ్లవాళ్లో మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్లూ కాచుకుని ఉండాల్సిందే. దానికైనా జనం సర్దుకునేవాళ్లు. అసలు తంటా బ్యాటరీ చచ్చిపోయాక వచ్చేది. కొత్తది ఎప్పుడొస్తుందో, ఎవరు తెస్తారో ఎవరికీ తెలియదు. పలక మీద దుమ్ము పట్టేది, గొట్టం తుప్పు పట్టేది, లెక్కల్లో మాత్రం ఆ ఊరికి ఫోనున్నట్టే. చివరికి దేశమంతా కలిపి 1.8 లక్షలకు పైగా మార్ ఫోన్లను తీసేసి వాటి చోట వేరేవి పెట్టాల్సి వచ్చింది.

ప్రైవేటువాళ్ల సంగతీ అంతే. తొంభైల్లో ల్యాండ్‌లైన్ లైసెన్సులు ఆరు టెలికాం సర్కిళ్లలో (ఒక్కో సర్కిల్ ఇంచుమించు ఒక రాష్ట్రం) ప్రైవేటుకిచ్చారు, మన ఆంధ్ర అందులో ఒకటి. ఊళ్లల్లో ఇన్ని పబ్లిక్ ఫోన్లు పెట్టాలని లైసెన్సులోనే షరతుంది. దేశంలో ఏ సర్కిల్లోనూ అనుకున్నన్ని పెట్టలేదు. పెట్టడం కంటే జరిమానా కట్టడమే చవగ్గా ఉండేది.

అందుకని చెబుతున్నా, "పెట్టండి" అని అడగొద్దు. "నడపండి" అని అడగండి.


పొగాకు రైతు (కనిగిరి) – శనివారం రాత్రి 10:05

లైన్‌మన్ అన్న సరిగ్గా చెప్పినాడు. నాకు ఒకటి అర్థం కాదు. కంపెనీలు లాభాలు తీసుకుంటానే ఉండాయి గదా, మళ్లీ వాటికి సర్కారు డబ్బులు ఎందుకియ్యాల? మా కాడ వేలం కేంద్రంలో ధర ఎట్టుందో తెలుసుకోవాలంటే మిద్దె ఎక్కాల. ఆ డబ్బులేందో మాకిస్తే మేమే టవర్ కట్టుకుంటాం.


టెలికాం లెక్కలు (సొంతూరు కందుకూరు, ఇప్పుడు బెంగళూరు) – ఆదివారం ఉదయం 7:30

రైతన్నా, ఆ డబ్బు సంగతి ముందు చెబుతాను. అర్జీకి అదే ఆధారం.

1999 కొత్త టెలికాం విధానంలో సార్వత్రిక సేవా నిధి ఆలోచన వచ్చింది. 2002 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2003లో టెలిగ్రాఫ్ చట్టాన్ని సవరించి దానికి చట్టబద్ధత ఇచ్చారు. ఫోన్ కంపెనీలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కట్టాలి. నెల్లూరు ట్రంకు రోడ్డులో వేసుకున్న రీచార్జి అయినా, కనిగిరిలో మీరు వేసుకున్నదైనా అందులోంచి కొంత ఇక్కడికే చేరుతుంది. 2023 టెలికాం చట్టం తర్వాత దీని పేరు డిజిటల్ భారత్ నిధి. అంటే పట్నంలో ఫోన్ మాట్లాడే ప్రతివాడూ పల్లెలో ఫోన్ మోగాలని కడుతున్న డబ్బు ఇది.

దీన్ని ఎవరికివ్వాలో తేల్చడానికి వేలం పెడతారు. మన పొగాకు వేలానికి ఇది తిరగేసి ఉంటుంది. ఎవరు తక్కువ సబ్సిడీ చాలంటే వాళ్లకే పని. చిలీ దేశం 1994లో ఒక నిధి పెట్టి, ఈ పద్ధతిలోనే పల్లెలకు పబ్లిక్ ఫోన్లు ఇప్పించింది. మన దగ్గర 2007లో టవర్ల పథకం ఇలాగే వచ్చింది. సిగ్నల్ లేని పల్లె ప్రాంతాల్లో 7,000 పైచిలుకు టవర్లు. టవర్ కట్టేది ఒకరు, దాని మీద మూడు ఫోన్ కంపెనీల దాకా పరికరాలు పెట్టుకోవచ్చు. సబ్సిడీ ఐదేళ్లు.

ఇప్పుడు నడుస్తున్నది 2022 జూలైలో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న 4జీ పథకం. 24,680 ఊళ్లు, 26,316 కోట్ల రూపాయలు. పని బీఎస్ఎన్ఎల్‌కి ఇచ్చారు. ఆ 26,316 కోట్లలో టవర్లు పెట్టే ఖర్చుతో పాటు ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలిపే ఉంది. పంతులుగారూ, మీ టవర్ ఏ పథకం కిందిదో ముందు తేల్చుకోండి. నిధి నుంచి నిర్వహణకు డబ్బు వెళ్తున్న టవరైతే, నడవని రోజులకు ఎంత కోత పెట్టారని అడగడం మీ హక్కు. కోత పెట్టకపోతే ఎందుకు పెట్టలేదనీ అడగొచ్చు. సమాచార హక్కు కింద అడిగినా రావాల్సిన వివరమే.

ఇంకో సంగతి. ఆ పథకంలోనే 20 శాతం అదనపు ఊళ్లను కలుపుకునే వీలు పెట్టారు. కొత్తగా వెలసిన పల్లెలు, పునరావాస కాలనీలు, ఉన్న కంపెనీ సేవ ఎత్తేసిన ఊళ్లు దాని కిందికి వస్తాయి. వెలిగొండ ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ చేసి కొత్త కాలనీలకు పోతున్నవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.


టవర్ టెక్నీషియన్ (పొదిలి) – ఆదివారం ఉదయం 8:15

నేను టవర్ల మీద పనిచేస్తాను. కంపెనీ పేరు చెప్పను. పంతులుగారి టవర్‌కి ఏమై ఉంటుందో నాకు తెలిసినంత చెబుతా.

టవర్ కింద కంచెలోపల ఒక క్యాబినెట్ ఉంటుంది. కరెంటు దాంట్లోకి వచ్చి 48 వోల్టుల డీసీ అవుతుంది, బ్యాటరీలు ఎక్కేది దాంతోనే. కరెంటు పోగానే లోడంతా బ్యాటరీల మీద పడుతుంది. కొత్తవైతే గంటల తరబడి లాగుతాయి. పల్లెల్లో కరెంటు రోజూ పోతూ వస్తూ ఉంటే బ్యాటరీ పూర్తిగా ఎక్కదు, పూర్తిగా దిగుతుంది. అట్లా కొంతకాలమయ్యాక అరగంట కూడా లాగదు. "మొదట్లో బాగుండింది, ఇప్పుడు కరెంటుతోపాటే పోతోంది" అని మీరు రాశారు గదా, అది అచ్చంగా చచ్చిన బ్యాటరీ లక్షణం. బ్యాటరీలు మార్చాలి. మార్చాలంటే పైనుంచి మంజూరు రావాలి. నాలాంటివాడు ఎన్ని రిపోర్టులు పెట్టినా ఆ మంజూరు నా చేతిలో ఉండదు.

రెండోది, కరెంటు వచ్చినా రోజుల తరబడి లేవకపోవడం. అది మీ టవర్ తప్పు కాకపోవచ్చు. కొండపక్క టవర్లకు ఫైబర్ ఉండదు. డిష్ లాంటి మైక్రోవేవ్ యాంటెన్నాతో ఒక టవర్ నుంచి ఇంకోదానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి గొలుసులా లింకు పోతుంది. మండల కేంద్రం దగ్గర మొదటిది ఆగితే వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. మీ ఊళ్లో టవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫోన్లో గీతలు కూడా కనిపించొచ్చు, కాల్ మాత్రం పోదు. ఈసారి ఆగినప్పుడు చుట్టుపక్కల ఏయే ఊళ్లు ఒకేసారి ఆగాయో రాసి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి పోతే లింకు, మీదొక్కటే పోతే పవర్. అది తెలిస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలుస్తుంది.

మూడోది కరెంటు ఫీడరు. టవర్‌కి ఊరి ఇళ్ల లైను నుంచి ఇచ్చారా, బోర్ల లైను నుంచి ఇచ్చారా చూడండి. బోర్ల లైనైతే రోజుకు తొమ్మిది గంటలే సప్లై, మిగతాదంతా బ్యాటరీ ఎట్లా మోస్తుంది? నెల్లూరైతే తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), ప్రకాశమైతే విజయవాడ కేంద్రంగా ఉన్న డిస్కం. అర్జీ కాపీ వాళ్లకూ వేయండి.


కొండకింద పంతులు – ఆదివారం ఉదయం 8:40

టెక్నీషియన్ తమ్ముడూ, ఇంత వివరం మాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీరు రాసింది చదివి పోయి చూశాను. మా టవర్‌కి తీగ బోర్ల ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వస్తోంది.


టవర్ టెక్నీషియన్ – ఆదివారం ఉదయం 8:44

అయితే సగం సంగతి దొరికినట్టే. ఫొటో తీసి అర్జీకి జతచేయండి సార్.


ఏఎన్ఎం అక్క (యర్రగొండపాలెం) – ఆదివారం మధ్యాహ్నం 1:20

మీకు టవరన్నా ఉంది. నేను నల్లమల లోపల చెంచు గూడేలకు పోయేదాన్ని. ఒక గూడెంలో సిగ్నల్ దొరికేది ఒకే ఒక్క చోట, ఊరవతల రాతి గుట్ట మీద. అక్కడ ఒక చెట్టుకొమ్మకు ప్లాస్టిక్ కవర్లో ఫోన్ కట్టి పెట్టుకున్నారు. కవర్లోంచి తీస్తే గీత పోతుంది, అందుకని కవర్లో ఉండగానే నంబరు నొక్కి, మెడ పైకెత్తి స్పీకర్లో మాట్లాడతారు. వానాకాలంలో ఆ రాళ్లు నాచు పట్టి జారుతాయి. నెలలు నిండిన పిల్లను ఇంట్లో పెట్టుకుని రాత్రిపూట టార్చి పట్టుకుని ఎవరో ఒకరు ఆ గుట్ట ఎక్కాలి.

నేను అడిగేది ఒకటే. జాబితాలో మా గూడేలు ఎందుకు ఉండవు? ఒకసారి మండలాఫీసులో అడిగితే "ఆ రెవెన్యూ గ్రామానికి కవరేజీ ఉందమ్మా" అన్నారు. రెవెన్యూ గ్రామం రోడ్డు మీద ఉంటుంది. గూడెం అడవిలో ఎక్కడో ఉంటుంది. పేరు ఒకటే, బతుకులు ఒకటి కాదు.


టెలికాం లెక్కలు – ఆదివారం మధ్యాహ్నం 2:00

అక్కా, మీరు చెప్పింది ఈ పథకాలన్నిటి వెనకా ఉన్న పెద్ద లోపం. లెక్క జనాభా లెక్కల గ్రామం ప్రకారం తీస్తారు. మన ఆంధ్రలో ఒక రెవెన్యూ గ్రామం కింద ఎన్నో పల్లెలు, గూడేలు, తండాలు ఉంటాయి. నడిబొడ్డున సిగ్నల్ ఉంటే మొత్తం ఉన్నట్టే రాసుకుంటారు. ఊరి పబ్లిక్ ఫోన్ల కాలం నుంచీ ఇదే కొలత.

మీ దగ్గర ఇంకో ముడి ఉంది. అది పులుల అభయారణ్యం. అడవిలో టవర్ వేయాలన్నా, ఫైబర్ పూడ్చాలన్నా 1980 అటవీ సంరక్షణ చట్టం కింద, వన్యప్రాణి చట్టం కింద అనుమతులు కావాలి. పథకాలు ఇచ్చే గడువుల్లో ఆ ఫైళ్లు తిరిగి రావు. అందుకని టెండరు వేసినవాళ్లు అడవి లోపలి చోట్లను చివరికి నెడతారు. ఈ అనుమతుల పని ప్రభుత్వం ముందే పూర్తిచేసి ఆ తర్వాత టెండరు పిలవాలి. కంపెనీ వెళ్లి అటవీ శాఖ గుమ్మం ముందు నిలబడే పద్ధతిలో సర్కారు-కంపెనీ భాగస్వామ్యం అన్న మాటకు అర్థం లేదు. శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) చొరవ తీసుకోవాల్సిన పని ఇది.


ఉపాధి మేటు (వెలిగండ్ల) – ఆదివారం సాయంత్రం 4:10

మా బాధ కూడా రాస్తున్నా. 2023 జనవరి నుంచి ఉపాధి పనికి వచ్చినోళ్ల హాజరు యాప్‌లోనే వెయ్యాల. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఇంకో ఫొటో. పని జరిగేది కొండవాలు మీద, కాలవ గట్ల మీద. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి ఎక్కదేమోనని ఆడోళ్లు భయపడతారు. పని ఆగినాక కూడా సిగ్నల్ కోసం నేను గట్టు మీద నిలబడి ఉంటే, పాపం వాళ్లూ ఇంటికి పోకుండా నా చుట్టూనే నిలబడతారు. రేషన్ యంత్రం, పింఛను వేలిముద్ర, అన్నీ ఫోన్ మీదే పెట్టినారు. ఫోన్ పెట్టనిచోట అవి ఎట్టా నడుస్తాయి?


కావలి మిత్రుడు – ఆదివారం సాయంత్రం 5:35

అందరి బాధా అర్థమవుతోంది. కానీ కంపెనీల వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి, నేను ఆ వ్యాపారం దగ్గరగా చూసినవాణ్ని. నాలుగొందల ఫోన్లున్న ఊరికీ, నలభై వేల ఫోన్లున్న పట్నానికీ టవర్ ఖర్చు ఒకటే. కొండపక్క డీజిలు మోయాలి, రాత్రి కాపలా పెట్టాలి, బ్యాటరీలు దొంగలెత్తుకుపోతే మళ్లీ కొనాలి. 2024లో కూడా దేశంలో పల్లెల టెలిఫోన్ సాంద్రత (నూరుమందికి ఎన్ని ఫోన్లో ఆ లెక్క) 60 శాతం దరిదాపుల్లోనే ఉంది, పట్నాల్లో నూటికి నూటముప్పై పైన. ఆదాయం లేనిచోట నష్టానికి నడపమని ఎవర్నీ బలవంతం చేయలేం. కోతలు ఎక్కువ పెడితే వేలానికి ఎవరూ రారు, అప్పుడు ఇప్పుడున్నది కూడా ఉండదు.


పాత లైన్‌మన్ – ఆదివారం సాయంత్రం 6:02

కావలి బాబూ, నష్టానికి నడపమని ఎవరూ అనడం లేదు. ఆ నష్టం పూడ్చడానికే గదా నిధి. డబ్బు తీసుకున్నాక పని చెయ్యమంటున్నాం. 108 చూడండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది. సర్కారు డబ్బిచ్చింది, బయటి సంస్థ నడిపింది. అది జనం గుండెల్లో ఎందుకు నిలిచింది? పిలిస్తే బండి వచ్చింది కాబట్టి. ఎన్ని బండ్లు కొన్నారని కాకుండా పిలిచినప్పుడు ఎంతసేపట్లో వచ్చాయని చూశారు. టవర్‌ని కూడా అట్లాగే చూడమంటున్నాం.


కావలి మిత్రుడు – ఆదివారం సాయంత్రం 6:20

ఆ పోలిక ఒప్పుకుంటాను. కానీ కోత ఒక్కటే పెట్టకండి, బాగా నడిపినవాడికి కాస్త ఎక్కువ కూడా ఇవ్వమనండి. ఐదేళ్లు దాటాక నిర్వహణ ఎవరిదో ఒప్పందంలోనే రాయమనండి. ఇప్పుడు ఎవరికీ భయం లేకపోవడానికి కారణం అదే. ఐదేళ్లూ లాగి, ఆరో ఏడు చూద్దాంలే అనుకుంటారు.


కేబుల్ ఆపరేటర్ (దర్శి) – ఆదివారం రాత్రి 8:15

ఫైబర్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. తవ్వి పూడ్చాలంటే మీటరుకింత ఖర్చు, రోడ్ల శాఖ అనుమతి, పంచాయతీ అనుమతి. మన రాష్ట్రంలో వేరే దారి పట్టారు. కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగారు, సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు, అక్కణ్నుంచి ఇళ్లకు మాలాంటి స్థానిక కేబులోళ్లం ఇచ్చాం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. ఈ ఏర్పాటులో నాకు నచ్చింది ఒకటుంది. స్తంభం సర్కారుది, తీగ సర్కారుది, ఇంటి ముందుకొచ్చి నిచ్చెన ఎక్కేవాడు ఊరివాడు. లోడు లారీ తగిలి తీగ తెగితే రాత్రి పదకొండింటికైనా నా తలుపు కొడతారు. నేను పోకపోతే తెల్లారి బజార్లో తలెత్తుకోలేను.

పంతులుగారి టవర్‌కి అలాంటి మనిషి ఎవరూ లేరు. మీ పంచాయతీ దాకా ఫైబర్ వచ్చి ఉంటే దాన్నే టవర్‌కి కలపమని అడగండి. మైక్రోవేవ్ గొలుసు బెడద పోతుంది. భారత్‌నెట్ 2011లో మొదలుపెట్టిందే పంచాయతీలకు ఫైబర్ ఇవ్వడానికి. పంచాయతీ ఆఫీసులో పెట్టె ఉంటే అక్కణ్నుంచి టవర్ ఎంత దూరమో కొలిచి రాయండి.


పొదుపు సంఘం లీడరు (కలిగిరి) – ఆదివారం రాత్రి 9:00

కేబుల్ తమ్ముడు చెప్పిన మాట మీద నేనొకటి కలుపుతా. బంగ్లాదేశ్‌లో 1997లో గ్రామీణ్‌ఫోన్ మొదలైనప్పుడు బ్యాంకు అప్పిస్తే ఊరి ఆడవాళ్లే ఫోన్ కొని, ఊరందరికీ మాట్లాడుకోనిచ్చి నిమిషానికింత తీసుకునేవాళ్లంట. ఆ కంపెనీ అక్కడి రైల్వే వేసుకున్న ఫైబర్‌నే అద్దెకు తీసుకుని దేశమంతా పాకింది. సర్కారు ఆస్తి, కంపెనీ పెట్టుబడి, ఊరి ఆడవాళ్ల చేతి కష్టం మూడూ కలిశాయి. మా శిక్షణలో చెప్పినారు, నేను రాసుకున్నా.

మన జిల్లాకి ఇది కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడోళ్లు సారా అంగళ్లు మూయించినాకనే పొదుపులక్ష్మి సంఘాలు ఊరూరా లేచినాయి. బ్యాంకుల్లో మా లెక్కలు చూసి మెచ్చుకుంటారు. టవర్ కాపలా, గది తాళం, బ్యాటరీ నీళ్లు, సోలార్ పలకలు కడగడం, ఆగిన సమయం పుస్తకంలో రాయడం... ఇవి మా సంఘానికి నెలకింత అని ఇస్తే చెయ్యలేమా? బ్యాటరీలు దొంగతనం పోతున్నాయన్నాడు గదా కావలి అన్న, ఊరోళ్ల చేతిలో ఉంటే ఎట్టా పోతాయి?


టవర్ టెక్నీషియన్ – ఆదివారం రాత్రి 9:12

అక్కా, ఇప్పుడొచ్చే బ్యాటరీలకు నీళ్లు పోసే పని లేదు. మిగతావన్నీ చెయ్యొచ్చు. ముఖ్యంగా ఆగిన సమయం రాసే పుస్తకం. మా సిస్టంలో కూడా ఆ లెక్క ఉంటుంది, కానీ దాన్ని ఊరు చూడదు. ఊరి పుస్తకం పక్కన పెడితే రెంటికీ తేడా ఎక్కడుందో తేలుతుంది.


డిగ్రీ విద్యార్థి (ఒంగోలు) – ఆదివారం రాత్రి 9:40

రెండు విషయాలు. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది. జిల్లా మొత్తానికి 24 గంటలు దాటి సేవ ఆగితే కస్టమర్లకు పరిహారం ఇవ్వాలి. కానీ అది జిల్లా స్థాయిలో ఆగితేనే. ఒక ఊరు వారం రోజులు ఆగినా దాని కిందికి రాదు. ఇది మార్చమని కూడా రాయండి. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు వెబ్‌సైటులో పెట్టాలన్నది కూడా ఆ నిబంధనల్లోదే. మీ ఊరు ఆ మ్యాపులో రంగు వేసి ఉందేమో చూసి, ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి జతచేయండి.

రెండోది, 2025 జనవరి నుంచి ఈ నిధి డబ్బుతో పెట్టిన 4జీ టవర్ల మీద వేరే కంపెనీల సిమ్ములకు కూడా సిగ్నల్ అందేలా ఏర్పాటు మొదలుపెట్టారు. దేశంలో 27,000 టవర్ల దాకా దీని కిందికి వస్తాయన్నారు. మీ దగ్గర అది పనిచేస్తోందా?


కొండకింద పంతులు – ఆదివారం రాత్రి 10:30

మా ఊళ్లో ఒక కంపెనీ సిమ్ముకే సిగ్నల్ అందుతోంది బాబూ, మిగతావాళ్లు ఆ సిమ్ము కొనుక్కున్నారు. ఇది కూడా అడుగుతాం.

మీరంతా చెప్పినదాన్ని బట్టి ఒక ముసాయిదా రాశాను:

"మా ఊరి టవర్ ఏ పథకం కింద, ఎవరి నిర్వహణలో, ఏ తేదీ వరకు ఉందో తెలియజేయగలరు. దాని నిర్వహణకు ప్రజల సొమ్ము అందుతున్నట్లయితే ఆ చెల్లింపు టవర్ నడిచిన గంటలను బట్టి జరిగేలా చూడగలరు. ఆ గంటల లెక్కను ప్రతినెలా పంచాయతీకి పంపి, పంచాయతీ సంతకం అయ్యాకే బిల్లు చెల్లించేలా ఏర్పాటు చేయగలరు. టవర్ కంచెకు దాని గుర్తింపు సంఖ్య, బాధ్యుడి హోదా, ఫిర్యాదు నంబరు రాసిన బోర్డు పెట్టించగలరు. వ్యవసాయ లైను నుంచి ఉన్న విద్యుత్ కనెక్షన్‌ను గృహ లైనుకు మార్పించగలరు. పాడైన బ్యాటరీలను మార్పించి, సోలార్ పలకలు పెట్టించగలరు. పంచాయతీ కార్యాలయం నుంచి టవర్‌కు ఫైబర్ కలిపించగలరు. అన్ని కంపెనీల సిమ్ములకూ ఈ టవర్ నుంచి సిగ్నల్ అందేలా చూడగలరు. ఐదేళ్ల గడువు ముగిశాక నిర్వహణ ఎవరిదో ఇప్పుడే నిర్ణయించగలరు. టవర్ సంరక్షణను మా ఊరి పొదుపు సంఘానికి అప్పగించే విషయం పరిశీలించగలరు."

ఏమన్నా తప్పితే చెప్పండి.


టెలికాం లెక్కలు – సోమవారం ఉదయం 6:50

బాగుంది. ఒకే ఇబ్బంది, ఇందులో కొన్ని కలెక్టర్‌గారు చేయగలిగినవి, కొన్ని ఢిల్లీ నుంచి రావాల్సినవి. కలిపి రాస్తే రెండోవాటి కారణంగా మొదటివీ ఆగుతాయి. కరెంటు లైను, బోర్డు, పంచాయతీ పుస్తకం, ఫైబర్ కలపడం, ఇవి ఇక్కడే జరుగుతాయి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా టెలికాం కమిటీ ఉంటుంది, ఈ నాలుగూ ఆ కమిటీ ఎజెండాలో పెట్టమని అడగండి. చెల్లింపును నడిచిన గంటలకు కట్టడం, ఐదేళ్ల తర్వాతి సంగతి, ఊరి స్థాయి పరిహారం మాత్రం డిజిటల్ భారత్ నిధికీ, ట్రాయ్‌కీ రాసే వేరే ఉత్తరంగా పెట్టి, మీ ఎంపీగారి ద్వారా పంపండి.


ఏఎన్ఎం అక్క – సోమవారం ఉదయం 7:15

పంతులుగారూ, ఆ రెండో ఉత్తరంలో గూడేల మాట ఒక వాక్యం పెట్టండి. రెవెన్యూ గ్రామం లెక్కన కాకుండా, మనుషులుండే ప్రతి నివాసం లెక్కన కవరేజీ కొలవమని. మీ ఊరిది కాకపోయినా పెట్టండి.


కొండకింద పంతులు – సోమవారం ఉదయం 7:25

మొదటి వాక్యం అదే పెడతానమ్మా. మీ గూడేల పేర్లు, ఒక్కో దాంట్లో ఎన్ని ఇళ్లున్నాయో నాకు మెసేజ్ చేయండి.


పొగాకు రైతు – సోమవారం ఉదయం 7:40

మా ఊరి పేరు కూడా కలుపు పంతులూ. ఆగిన టైములు ఈ పొద్దు నుంచే రాయిస్తాం, మా పిల్లోడికి పుస్తకం కొనిచ్చినా. పక్క నాలుగూళ్లోళ్లతోటి కూడా మాట్లాడతా.


టవర్ టెక్నీషియన్ – సోమవారం ఉదయం 7:48

పుస్తకంలో నాలుగు గళ్లు చాలు రైతన్నా. ఆగిన టైము, వచ్చిన టైము, అప్పుడు ఊళ్లో కరెంటుందా లేదా, పక్కూళ్లో సిగ్నల్ ఉందా లేదా.


కొండకింద పంతులు – సోమవారం ఉదయం 8:05

నెల్లూరు బస్సెక్కుతున్నాం. సర్పంచిగారు, సంఘం నుంచి ఇద్దరు, నేను. ఈరోజు సోమవారం, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. రసీదు నంబరు సాయంత్రం ఇక్కడ పెడతాను.